నమూనా గుడ్డకు మారని సంఖ్య



మూడు సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక నమూనా గుడ్డ పోయినది. దొంగలెత్తుకొని పోలేదు, బీరువాలోనే ఉన్నది, కాని దొరకలేదు. కాలము చేసిన ఒక పెద్దాయన నేసిన రుద్రాక్ష అంచు అది. రిజిస్టరులో దాని యెదుట 2-4-17 అని ఉన్నది. అనగా రెండవ బీరువా, నాల్గవ అర, పదిహేడవ గుడ్డ. గోడలకు సున్నము వేయించినపుడు బీరువాలు ఖాళీచేసి మరల సర్దితిమి. తరువాత ఒక వర్తకుడు ఆ అంచుతో నలభై చీరెలు కావలెనని వచ్చెను. మూడు రోజులు వెదకితిమి. బేరము పోయినది. తప్పు మాదే. గుడ్డకు సంఖ్య ఇచ్చితిమనుకొంటిమి; నిజమునకు ఇచ్చినది అరకు!

ఈ విషయమున పాతకాలపు పని ఒకటి చూడుడు. 1866లో లండనునందు జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను నాతడు మన దేశపు గుడ్డల ముక్కలు 700 కూర్చి, 18 సంపుటములలో అంటించెను. అట్టి సెట్లు 20 చేయించి 13 బ్రిటనులోను, 7 ఇండియాలోను ఉంచిరి. అక్కడి మిల్లులవారు చూచి, అట్టివే నేసి మనకే అమ్ముకొనవలెనని ఉద్దేశము. అది తలచిన కడుపు మండును గాని, ఆయన లెక్క మాత్రము నేర్వదగినది. ప్రతి గుడ్డకు ఒక సంఖ్య. ఏ ఊరి సెట్టులోనైనను ఆ గుడ్డకు అదే సంఖ్య. పుస్తకము ఏ బీరువాకు మారినను సంఖ్య మారలేదు.

నేడు మ్యూజియములు గుడ్డల ఫొటోలు ఇంటర్నెట్టులో పెట్టుచున్నవి. ఫొటో ఉన్న చోటును లింకు అందురు. ఆ సంస్థ తన వెబ్‌సైటును మార్చినచో పాత లింకు చెడును. మా బీరువా కథయే ఇది. దీనికి విరుగుడుగా శాశ్వత సంఖ్యలు వచ్చినవి. 2000 నుండి వాడుకలోనున్న డీఓఐ, 2001లో మొదలైన ఆర్క్ అట్టివే. వీని కీలకము మధ్యనుండు ఒక పట్టిక. సంఖ్య నొక్కగానే పట్టిక చూచి, వస్తువు వివరములు ఇపుడెక్కడ నున్నవో అక్కడికి పంపును. చోటు మారినపుడు పట్టికలో ఒక్క వరుస దిద్దిన చాలును. పుస్తకములలో, ఉత్తరములలో అచ్చయిన సంఖ్యను ముట్టనక్కరలేదు. అయితే దిద్దువాడు లేనిచో ఆ సంఖ్యయు చచ్చినట్లే. చీటీమీది క్యూఆర్ గడిని చూచి మురిసిపోవువారు ఇది గమనింపవలెను. ఆ గడి లోపలి చిరునామా చెడినచో గడి వట్టి బొమ్మ.

మన తాతలు షోలాపూరునకో, సేలమునకో, బరంపురమునకో వలస వచ్చినపుడు ఊరు మారినది, వీధి మారినది, ఇంటిపేరు మారలేదు. గనుకనే సంబంధములు చూచునపుడు ఎవరు ఎవరివారో తెలియుచున్నది. కాని ఒక ఇంటిపేరుతో నూరు కుటుంబము లుండవచ్చును. ఒక సంఖ్యతో రెండు గుడ్డలుండరాదు.

సంఖ్యలో అర్థము ఇరికింపవద్దని మా అభిప్రాయము. ఊరు, ధర, నేసినవారి పేరు అందులో చేర్చుటకు చేయి దురద పెట్టును. ధర రేపే మారును. పేరు తప్పని తరువాత తేలవచ్చును. 1, 2, 3 అని వరుసగా వేసి, తక్కిన వివరములు ప్రక్కన వ్రాయుడు. గుడ్డను చెదలు తిన్నను దాని సంఖ్య మరియొక దానికి ఇవ్వకుడు. డిజైను సంఖ్య వేరు, చీరె సంఖ్య వేరు. ఒకే డిజైనున నలభై చీరెలు నేసినచో ఈ రెండును కలిపి చిక్కుపడుదురు. జాకార్డు అట్టల కట్టకు కూడ ఆ డిజైను సంఖ్యనే వేయుడు.

చీటీని జిగురుతో అంటింపక, గుండుసూది గ్రుచ్చక, నూలు పట్టీపై చెరగని సిరాతో వ్రాసి మూలన రెండు కుట్లు వేయుడు. సూది త్రుప్పుపట్టి గుడ్డను తినును. సెల్‌ఫోనుతో ఫొటో తీయునపుడు పట్టీమీది సంఖ్యయు అందులో పడవలెను.

మా రుద్రాక్ష అంచు నాలుగు నెలలకు ధోవతుల అడుగున దొరికినది. ఇపుడు దాని సంఖ్య 212. రిజిస్టరులో సంఖ్యను సిరాతో వ్రాసితిమి. ఏ బీరువాలో నున్నదో పెన్సిలుతో వ్రాసితిమి.