వెంట్రుక కన్నా సన్నని పింగాణీ దారం

పింగాణీ కప్పు, ఇంటి పెంకు, ఇటుక - ఇవన్నీ సిరామిక్ వస్తువులే. వేడిని తట్టుకుంటాయి, తుప్పు పట్టవు, కిందపడితే మాత్రం పగులుతాయి. అలాంటి పదార్థంతో దారం తీయవచ్చంటే నమ్ముతారా? మా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మేము చేసిన పని అదే. మన హాస్టల్ తమ్ముళ్లకు తెలియాలని ఇక్కడ రాస్తున్నాం.

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 50 వేల నుంచి లక్ష నానోమీటర్లు. మేము తీసిన దారం మందం 100 నుంచి 200 నానోమీటర్లే!

ఈ పద్ధతి పేరు ఎలక్ట్రోస్పిన్నింగ్. దీనికి 1902లోనే అమెరికాలో కూలీ, మార్టన్ అనేవారు పేటెంట్లు పొందారు. 2003లో డాన్ లీ, యూనాన్ షియా ఇదే పద్ధతిలో టైటానియం డయాక్సైడ్ నానోదారాలు తీసి చూపారు. మేము వారి దారినే అనుసరించాం.

మొదటి మెట్టు ద్రావణం. టైటానియం ఐసోప్రోపాక్సైడ్ అనే ద్రవం ఒక్కటే దారంగా సాగదు. అందుకే ఇథనాల్‌లో పి.వి.పి. అనే పాలిమర్ కరిగించి, కొంచెం ఎసిటిక్ ఆమ్లంతో పాటు దాన్ని కలుపుతాం. అరిసెల పాకం లాంటిదే ఇదీ. పలచనైతే దారంలో పూసలు పడతాయి, ముదిరితే సూది మూసుకుపోతుంది.

రెండో మెట్టు దారం తీయడం. ద్రావణాన్ని సిరంజిలో పోసి, లోహపు సూదికి 10 నుంచి 20 వేల వోల్టులు ఇస్తాం. ఎదురుగా 10-15 సెంటీమీటర్ల దూరంలో ఎర్త్ చేసిన అల్యూమినియం రేకు ఉంటుంది. సూది కొన మీది బొట్టు శంఖువులా సాగుతుంది. విద్యుత్ బలం తలతన్యతను మించగానే సన్నని ధార బయటికి దూకి, కొరడాలా మెలికలు తిరుగుతుంది. ఇథనాల్ ఆవిరై, రేకు మీద సాలెగూడు లాంటి తెల్లని పొర మిగులుతుంది. కరెంటు ఆపి, సూదిని ఎర్త్ చేయకుండా చెయ్యి పెట్టకూడదు.

మూడో మెట్టు కాల్చడం. గాలిలో 500 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచితే పాలిమర్ కాలిపోయి, అనటేజ్ అనే స్ఫటిక రూపంలో టైటానియం డయాక్సైడ్ మిగులుతుంది.

మేము ఓడిపోయింది ఇక్కడే. మొదట వానాకాలపు తేమ తగిలి మందు సీసాలోనే తెల్లగా గడ్డకట్టింది. రెండోసారి తొందరపడి కొలిమి వేడిని ఒక్కసారిగా పెంచాం. పొర ముక్కలు ముక్కలైంది. రిపోర్టు ఇవ్వడానికి మూడు వారాలే ఉంది.

ఆదివారం ఇంటికి వెళ్లి నాన్నకు చెప్పాం. నాన్న ఇటుక బట్టీలో కూలీ. "పచ్చి ఇటుకని ఒకేసారి మంటలో పెడితే పగలక ఏం చేస్తదిరా? ముందు ఆరనియ్యాలి, సెగ మెల్లగా ఎక్కియ్యాలి" అన్నాడు. మట్టిలో కలిపిన ఊక కాలిపోయినా ఇటుక నిలుస్తుంది కదా, మా పాలిమర్ చేసే పనీ అదేనని అప్పుడు వెలిగింది.

ఈసారి పొరను రాత్రంతా ఆరబెట్టి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున వేడి పెంచాం. 500కు చేరడానికే నాలుగు గంటలు పట్టింది. పొర నిలిచింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దారాలు విడివిడిగా కనిపించాయి. ఇలాంటి దారాలు అతినీలలోహిత కాంతిలో నీటిలోని రంగులను విడగొట్టగలవు. వాయువులను గుర్తించే సెన్సర్లలోనూ పనికొస్తాయి.

తమ్ముళ్లూ, ఒక్క మాట. ఈ హాస్టల్లో చేరినప్పుడు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర "ఇటుక బట్టీ కూలీ" అని రాయడానికి సిగ్గుపడి "వ్యవసాయం" అని రాశాం. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో మేమే మొదటివాళ్లం. ప్రాజెక్టు రిపోర్టు కృతజ్ఞతల పేజీలో మా గైడు సారు పేరు కింద నాన్న పేరు, పక్కనే ఆయన వృత్తి రాశాం. నాన్నకు చదవడం రాదు. మేమే చదివి వినిపించాం.