రెండు అలలు చాలవు

చి. సౌమ్యకు,

నువ్వు పంపిన గ్రాఫ్ రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ తీసి చూశాను. ఒక క్వాసార్‌వి తొమ్మిదేళ్ల రేడియో కొలతలు, రెండు ఎత్తులు, రెండు పల్లాలు. జంట కృష్ణబిలమే కదా అని అడిగావు. తొందరపడకు అమ్మలూ.

జంట లేకపోయినా క్వాసార్ వెలుగు లోపలి అలజడికే ఏళ్ల తరబడి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. రెడ్ నాయిస్ అంటాం కదా, అదే. నేను చదువుకునే రోజుల్లో అలాంటి నాయిస్‌ని కంప్యూటర్‌లో పుట్టించి, ఇరవై కాగితాల మీద గీయించి గోడకి అంటించాను. మూడింటిలో ముచ్చటైన అలలు! ఒకదానికి ఆవర్తన కాలం కూడా కొలిచేశాక గుర్తొచ్చింది, ఇందులో క్వాసారే లేదని.

పీకేఎస్ 2131-021 అనే క్వాసార్ సంగతి శ్రద్ధగా చదువు. కాలిఫోర్నియాలోని ఓవెన్స్ వ్యాలీ 40 మీటర్ల డిష్ 2008 నుంచి దాన్ని కొలుస్తోంది. దాదాపు అయిదేళ్లకోసారి ఎత్తు. పరిశోధకులు అక్కడితో సంబరపడిపోలేదు, పాత రికార్డులు తవ్వారు. మసాచుసెట్స్‌లోని హేస్టాక్ అబ్జర్వేటరీలో 1975 నుంచి 1983 దాకా తీసిన కొలతలు దొరికాయి. ఇప్పటి అలని వెనక్కి పొడిగిస్తే అప్పటి ఎత్తుపల్లాలతో కలిసింది. మధ్యలో దాదాపు 20 ఏళ్లు అల కనబడలేదు. అదీ తమ వ్యాసంలో దాచకుండా రాశారు. నాకు ఆ వ్యాసం మీద గౌరవం కలిగింది అందుకే. 2022లో వచ్చిన ఆ వ్యాసానికి మొదటి రచయిత్రి సాండ్రా ఓనీల్ అప్పటికి నీలాగే డిగ్రీ విద్యార్థిని.

వాళ్ల ఊహ ఇది. రంగులరాట్నం ఎక్కిన పిల్ల చేతిలో టార్చి ఉందనుకో. రాట్నం తిరిగేకొద్దీ ఆ వెలుగు మనవైపు కాస్త ఒరుగుతుంది, కాస్త తొలగుతుంది. ఇక్కడ టార్చి ఒక కృష్ణబిలం చిమ్మే జెట్. రెండు బిలాల మధ్య దూరం, భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నదానికి సుమారు 2,000 రెట్లు. అక్కడ రెండేళ్లకో చుట్టు. విశ్వం వ్యాకోచించడం వల్ల మనకది అయిదేళ్లుగా అందుతుంది. మరో 10,000 ఏళ్లకి అవి కలిసిపోతాయని లెక్క. ఇంత చెప్పీ, అది జంటే అని తేల్చెయ్యలేదు.

నీ క్వాసార్‌ని పాత కేటలాగుల్లో వెతుకు. అదే రోజుల్లో పోలిక కోసం కొలిచిన, వెలుగు మారని కాలిబ్రేటర్ కూడా ఇలాగే ఊగిందేమో చూడు. ఊగితే తప్పు రిసీవర్‌ది. తర్వాత వెయ్యి నకిలీ గ్రాఫులు పుట్టించి, నీదానికన్నా చక్కటి అల ఎన్నిట్లో వచ్చిందో లెక్కపెట్టు. నచ్చని చుక్కలు మాత్రం చెరపకు.

ఆ లెక్క తేలగానే రాత్రయినా సరే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పిన్ని