తాళపత్రం నుంచి అచ్చుకు: ప్రాచీన సాహిత్య పునరుద్ధరణ

నస్పూర్, శ్రీరాంపూర్ గనుల ప్రాంతంలో గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవారు యూరప్ పునరుజ్జీవనాన్ని మన చరిత్రతో కలిపి చదవడం మేలు. 1345లో పెట్రార్క్ వెరోనాలో సిసిరో లేఖలను వెలికితీశాడు. 1417లో పోజియో బ్రాచియోలిని లుక్రీషియస్ కావ్యాన్ని కనుగొన్నాడు. పాత ప్రతులను వెతకడం, పోల్చడం, తప్పులు దిద్దడం మానవతావాదుల పద్ధతి.

తెలుగులో ఆ పనికి పూనుకున్నవాడు సి.పి. బ్రౌన్. కడపలో పండితులకు జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలను పరిష్కరింపజేశాడు. 1829లో వేమన పద్యాలు, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు వెలువడ్డాయి. బ్రౌన్ పేరు గుర్తుంచుకుని ఆ పండితులను మరవడం అన్యాయం.

తెలంగాణ అభ్యర్థులు ఎక్కువసేపు ఆగాల్సింది సురవరం ప్రతాపరెడ్డి దగ్గర. 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) మరీ విశిష్టం. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, క్రీడాభిరామం వంటి పాత కావ్యాల నుంచి సామాన్యుల తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలను ఏరి చరిత్రగా కూర్చారు. మనిషిని కేంద్రంగా నిలపడమంటే ఇదే. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం (1955) దానికే దక్కింది.