సెలైన్ బాటిల్ వెనుక ఉన్న సముద్ర జీవి



ఈ నెల ఆరోగ్య పాఠం సముద్రపు ఒడ్డున మొదలై మన వార్డులో ముగుస్తుంది. సముద్రానికి, మీ మంచం పక్కన స్టాండుకు వేలాడే సెలైన్ బాటిల్‌కు సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఆ సంబంధం తెలుసుకుంటే "సిస్టర్, నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి" అని అడిగే ముందు మనము కొంచెం ఆలోచిస్తాము.

మరిగించినా వణుకు ఎందుకు?

మేము నర్సింగ్ చదువుకునే రోజుల్లో గాజు సిరంజిలను, సూదులను నీళ్ళలో మరిగించి మళ్ళీ వాడేవాళ్ళము. సెలైన్ ఎక్కుతుండగా ఒక్కొక్కసారి రోగికి ఉన్నట్టుండి చలి పుట్టేది. పళ్ళు టకటక కొట్టుకునేవి, మంచం కూడా కదిలేది. కొద్దిసేపటికే జ్వరం బాగా పెరిగేది. మేము వెంటనే డ్రిప్ ఆపి, దుప్పట్లు కప్పి, డాక్టరు గారి కొరకు పరుగెత్తేవాళ్ళము. "అన్నీ మరిగించాము కదా, ఎందుకిలా అయ్యింది?" అని అడిగితే మా సీనియర్ సిస్టరు గారు, "మరిగిస్తే క్రిమి చస్తుంది గాని దాని విషం చావదు" అనేవారు.

ఆ మాట నిజము. ఈ-కోలై, టైఫాయిడ్ వంటి కొన్ని క్రిముల పైపొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. క్రిమి చచ్చినా అది నీటిలో మిగిలిపోతుంది. మరిగించినా, ఆటోక్లేవ్‌లో పెట్టినా పూర్తిగా పోదు. గాజు సామానునైతే 250 డిగ్రీల పొడి వేడిలో 30 నిమిషాలు ఉంచి దానిని నాశనం చేయవచ్చు. సెలైన్ నీటిని అలా కాల్చలేము. కాబట్టి నీటిని మొదటి నుండి శుద్ధిగా తయారు చేయాలి, ఆ తరువాత పరీక్షించి చూడాలి.

పరీక్షించేది ఎలా? పూర్వం కుందేళ్ళను వాడేవారు. మందును కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, జ్వరం వస్తుందేమోనని మూడు గంటలు చూసేవారు. ఈ పరీక్ష 1942లో అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథంలో చేరింది. దీనికి సమయం, ఖర్చు, శ్రమ అన్నీ ఎక్కువే.

ఇద్దరు డాక్టర్లు, ఒక పీత

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వుడ్స్ హోల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి సముద్ర జీవశాస్త్ర పరిశోధనశాలకు వేసవిలో వేరువేరు విద్యలు చదివినవారు వచ్చి, కలిసి పని చేస్తారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరిక్ బాంగ్ అనే వైద్యుడు అక్కడ ఒక సముద్ర జీవిని పరిశీలించారు. దానిని హార్స్‌షూ క్రాబ్ అంటారు. గుర్రపు లాడం ఆకారంలో గట్టి పెంకు, వెనుక పొడవాటి ముల్లు వంటి తోక ఉంటాయి. పేరుకు పీతే గాని, సాలెపురుగులకు, తేళ్ళకు దగ్గర బంధువు. మన రక్తంలో ఇనుము ఉన్నట్లు దాని రక్తంలో రాగి ఉంటుంది. అందుకే గాలి తగిలితే ఆ రక్తం నీలంగా కనబడుతుంది.

ఒక రకం క్రిములను ఎక్కించినప్పుడు ఆ పీత రక్తం లోపలే గడ్డకట్టడం బాంగ్ గారు చూశారు. వేడి చేసి చంపిన క్రిములను ఎక్కించినా అలాగే జరిగింది. ఈ సంగతిని 1956లో ప్రచురించారు. అయితే రక్తం ఎందుకు గడ్డకడుతున్నదో తేల్చడానికి రక్తపు విద్య తెలిసినవారు కావాలి. అప్పుడు జాక్ లెవిన్ అనే రక్త సంబంధ వ్యాధుల వైద్యుడు ఆయనతో కలిశారు. ఒకరికి క్రిముల సంగతి తెలుసు, మరొకరికి రక్తం సంగతి తెలుసు. ఇద్దరూ కలిసి, దీనికి కారణం ఎండోటాక్సినేనని 1964లో చూపించారు. క్రిములతో నిండిన నీటిలో బ్రతికే ఆ జీవి, క్రిమి ప్రవేశించిన చోటనే రక్తాన్ని గడ్డకట్టించి దానిని బంధిస్తుంది. దేవుడు దానికి ఇచ్చిన కాపుదల అది.

ఆ పీత రక్తకణాల నుండి తీసిన సారంతో ఒక పరీక్ష తయారైంది. చిన్న గాజు గొట్టంలో సారాన్ని, పరీక్షించవలసిన ద్రవాన్ని కలిపి, మన శరీరపు వేడి అంత, అంటే 37 డిగ్రీల వద్ద ఒక గంట ఉంచుతారు. తరువాత గొట్టాన్ని తలక్రిందులు చేస్తారు. లోపలిది గట్టిగా పేరుకొని జారకుండా ఉంటే అందులో విషం హద్దుకు మించి ఉన్నట్లే, ఆ మందు పనికిరాదు. ఒక గ్రామును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో కొద్ది భాగాలంత విషం ఉన్నా ఈ పరీక్ష పట్టుకోగలదు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుందేళ్ళకు బదులుగా దీనిని వాడటానికి అనుమతించింది. నేడు సెలైన్, ఇంజెక్షన్లు, టీకాలు మన దగ్గరకు రాకముందే ఇటువంటి పరీక్ష దాటి వస్తాయి.

ఆ జీవిని కూడా కాపాడాలి

దీనికి ఆ పీతలు చెల్లించే వెల కూడా ఉంది. ఏటా లక్షల పీతలను పట్టి, కొంత రక్తం తీసి, తిరిగి సముద్రంలో వదులుతారు. వాటిలో కొన్ని చనిపోతాయి. సింగపూర్ విశ్వవిద్యాలయంలో డింగ్ జియాక్ లింగ్, హో బౌ అనే భార్యాభర్తలు దీనికి ఒక మార్గం కనుగొన్నారు. ఆమెది జన్యువుల విద్య, ఆయనది క్రిముల విద్య. పీత రక్తంలో విషాన్ని పసిగట్టే పదార్థపు జన్యువును తీసి, కీటకాల కణాలలో పెట్టి, పీతను పట్టకుండానే ఆ పదార్థాన్ని తయారు చేశారు. ఈ పద్ధతిని ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథం 2021 నుండి, అమెరికా గ్రంథం 2025 మే నుండి అంగీకరించాయి. మన దేశంలో ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాలలో రెండు జాతుల హార్స్‌షూ పీతలు ఉన్నాయి. వాటికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. వలలో పడితే తిరిగి నీటిలో వదలాలి.

చివరి చేతులు మనవే

ఎవరికి వారే పని చేసి ఉంటే ఈ పరీక్ష వచ్చేది కాదు. కొరింథీ సంఘానికి పౌలు వ్రాసిన శరీరము, అవయవముల పాఠము మాకు ఇక్కడ గుర్తుకు వస్తుంది. అయితే ఆ పరీక్ష బాటిల్ మూత తీసేంత వరకే కాపాడుతుంది. మూత తీసిన తరువాత శుభ్రత మా చేతుల్లో, మీ చేతుల్లో ఉంటుంది. మేము చేతులు కడుక్కోకుండా సూది పెడితే ఆ శ్రమంతా వ్యర్థమే.

జ్ఞాపకముంచుకోవలసినవి:

1. బలం కొరకు సెలైన్ అడగకండి. అర లీటరు 5 శాతం గ్లూకోజు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు అయిదు చిన్న చెంచాలు. అర లీటరు సెలైన్‌లో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. నోటితో త్రాగగలిగితే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, గంజి, మజ్జిగ చాలును. విరేచనాలు ఆగకపోయినా, త్రాగినది నిలవకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

2. డ్రిప్ ఎక్కుతుండగా చలి, వణుకు, ఆయాసం, దద్దుర్లు వస్తే వెంటనే సిస్టరును పిలవండి. "బాటిల్ అయిపోయాక చెబుదాం" అనుకోవద్దు.

3. త్వరగా అయిపోవాలని డ్రిప్ చక్రాన్ని మీరు త్రిప్పవద్దు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాపాయం.

4. సూది పెట్టిన చోట ఎరుపు, వాపు, నొప్పి ఉంటే మాకు చూపించండి.

5. "సిస్టర్, చేతులు కడుక్కున్నారా?" అని అడగడానికి మొహమాటపడవద్దు. మేము నొచ్చుకోము.

ఇంటిలో మాట్లాడుకొనుటకు ప్రశ్న: మన ఇంట్లో చివరిసారి సెలైన్ ఎక్కించుకున్నది ఎవరు? అది డాక్టరు చెప్పినందుకా, మనము అడిగినందుకా?

సముద్రములను, వాటిలోని సమస్తమును చేసిన దేవుడు మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.