ఉన్నదానితో వండే నేర్పు

పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమల గేట్లు తెరిచేసరికి అక్కడ పనిచేసే ఆడవాళ్లు ఒక విడత పని ముగించుకునే వస్తారు. పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, కూరో పులుసో దింపి, పిల్లలకు బాక్సులు కట్టి, ముసలి అత్తకు చోడి అంబలి పోసి, తమ క్యారేజీ సర్దుకుని బయలుదేరతారు. పరిశ్రమలో కిలోల లెక్కన జీడిపప్పు తొక్క తీస్తారు. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు ఏరి పెడతారు. జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ చేతులతోనే సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటారు.

వ్యక్తిత్వ వికాసం పేరుతో జరిగే శిక్షణ తరగతుల్లో ఈ ఆడవాళ్ల ప్రస్తావన రాదు. అక్కడ కంపెనీల అధిపతులు, క్రికెట్ కెప్టెన్లు ఆదర్శాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలో పది జీవన నైపుణ్యాలను గుర్తించింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, మంచిచెడ్డలు తరచి చూడడం, చక్కగా మాట్లాడడం, మనుషులతో కలిసిమెలిసి ఉండడం, తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, ఉద్వేగాలను అదుపులో పెట్టుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. ఈ పదింటినీ రోజుకు రెండుసార్లు సాధన చేయించే చోటు ప్రతి ఇంట్లోనూ ఉంది. అది వంటిల్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఆ సాధన ఎంత కఠినమో, అందులో నేర్చుకోదగినది ఎంతుందో చూడాలి.

కాలాన్ని ముందే చూడడం

"ఈవేళ కూరేటే అమ్మా?" అని పిల్లలు అడిగేసరికే ఉద్దానం తల్లి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అది ఆ పూటకు తట్టిన జవాబు కాదు, నెలల ముందే వేసుకున్న లెక్క.

వేసవి మొదట్లో తోటలో పచ్చి జీడిపిక్కలు దొరుకుతాయి. వాటి లేత పప్పుతో కూర వండుకునే రోజులు కొద్దే. లేత పనసకాయను పొట్టుకొట్టి ఆవ పెడతారు. కాయ ముదిరి పండాక తొనలు పిల్లలవి, పిక్కలు ఇల్లాలివి. ఆ పిక్కలను ఆరబెట్టి దాచుకుంటే వానాకాలంలో కూరగాయల ధర పెరిగినప్పుడు అవే కూరవుతాయి. ఒకే కాయ మూడు దశల్లో మూడు అవసరాలు తీరుస్తుంది.

చేపల సంగతీ అంతే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలం కనుక ప్రభుత్వం ఈ విరామం ఇస్తుంది. ఆ రెండు నెలలూ గంగపుత్రుల ఇంట్లో సంపాదన తగ్గుతుంది, పచ్చి చేప తగ్గుతుంది. అందుకే అంతకు ముందే నెత్తళ్లు ఎండబెట్టి డబ్బాల్లో దాస్తారు. గుప్పెడు ఎండు నెత్తళ్లు, రెండు వంకాయలు, కాస్త చింతపండు ఉంటే ఇంటిల్లిపాదికీ పులుసు.

దీన్నే చదువుకున్నవాళ్లు ప్రణాళిక అంటారు. చాలామంది ప్రణాళికను కాగితం మీద రాసి మూడో వారానికి మర్చిపోతారు. ఈ తల్లులు దాన్ని డబ్బాల్లోకీ అటకల మీదికీ చేరుస్తారు కాబట్టి మర్చిపోవడం కుదరదు. రేపటి కొరతను ఇవాళ్టి పనిగా మార్చుకోవడమే ఇక్కడ నేర్చుకోవలసిన అలవాటు. పరీక్షకు చదివే విద్యార్థికైనా, జీతం మీద బతికే ఉద్యోగికైనా ఇది పనికొస్తుంది.

సముద్రం ఆవల ఫిలిప్పీన్స్‌లోనూ తల్లులు చాలావరకు ఇలాగే వండుతారు. అక్కడా పనస, కొబ్బరి, ఎండుచేప మూడూ ఇంటి సరుకులే. లేత పనసను కొబ్బరిపాలలో ఉడికించే గినతాంగ్ లంకా అనే కూరలో చాలా ఇళ్లలో ఎండుచేప ముక్కలు వేస్తారు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే వెల్లుల్లితో వేయించి పెడతారు. ఇక్కడి తల్లులు ఆ అన్నంలో నీళ్లు పోసి ఉంచి ఉల్లిపాయతో చద్దన్నం పెడతారు. రుచి వేరైనా, మెతుకు వృథా కానివ్వని పట్టుదల ఒక్కటే. లక్షలాది ఫిలిపినోలు ఓడల మీదా పరాయి దేశాల్లోనూ పనిచేస్తుంటే, ఉద్దానం యువకులు హైదరాబాద్‌కూ గుజరాత్ రేవులకూ గల్ఫ్‌కూ వెళ్తున్నారు. రెండు చోట్లా ఇంటిని కలిపి ఉంచే బరువు ఎక్కువగా పొయ్యి దగ్గరి మనిషి మీదే పడుతోంది.

మనిషిని బట్టి వడ్డించడం

ఉద్దానం పేరు చెప్పగానే తెలుగువారికి కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఎన్నో కుటుంబాలు ఈ జబ్బుతో నలిగిపోయాయి. దేశ విదేశాల వైద్యులు, పరిశోధకులు ఏళ్ల తరబడి అధ్యయనం చేసినా కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే తాగునీటి పథకమూ అదే రోజు మొదలైంది.

ఆసుపత్రిలో డయాలసిస్ ఒక్కో విడతకు సుమారు నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. మిగిలిన గంటలన్నీ రోగి ఇంట్లోనే ఉంటాడు. ఆ గంటల్లో అతని ఆరోగ్యం చాలావరకు వంటింటి మీద ఆధారపడుతుంది.

ఇక్కడే ఈ తల్లులకు పెద్ద పరీక్ష. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది ఒంట్లో పెరిగితే గుండెకే ప్రమాదం. చుట్టూ కొబ్బరితోటలున్న ఇంట్లో, ఎవరు వచ్చినా బొండం కొట్టి ఇచ్చే ఇంట్లో, జబ్బుపడిన ఇంటి యజమానికే అది ఇవ్వకూడదు. పనసతొనకూ అదే హద్దు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప ఉప్పుతో నిండినవి కాబట్టి వాటినీ పక్కన పెట్టాలి. పుట్టి పెరిగిన రుచులన్నింటి మీదా ఒకేసారి గీత పడుతుంది.

అయినా పొయ్యి ఆగదు. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుందని ఆసుపత్రిలో చెబుతారు. నీళ్లలో సారం పోతుందని చిన్నప్పటి నుంచి విన్న మనిషి ఇప్పుడు ఆ సారాన్నే కావాలని పారబోయాలి. డయాలసిస్‌కు ముందు దశలో పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు పెంచమంటారు. నిన్న వద్దన్నది ఇవాళ కావాలంటారు. రోజుకు తాగే నీళ్లను కూడా కొలిచి ఇవ్వాలి. కూర ఉప్పు లేకుండా ఉడికించి, రోగి వాటా ముందు తీసేసి, మిగతాదానికి ఉప్పు వేస్తే ఒకే గిన్నెలో ఇంటందరి వంటా పూర్తవుతుంది. పథ్యం చేసే మనిషి తాను వేరు అనుకోకుండా అందరితో కలిసి కూర్చుని తింటాడు.

ఇందులో ఉన్నది జాలి కాదు, సహానుభూతి. జాలిపడేవాడు అయ్యో అని ఊరుకుంటాడు. సహానుభూతి ఉన్నవాళ్లు ఎదుటి మనిషికి ఏం కావాలో అడిగి, తెలుసుకుని, తమ పద్ధతి మార్చుకుంటారు. ఆఫీసులో కొత్తగా చేరిన ఉద్యోగికీ ఇరవయ్యేళ్ల అనుభవజ్ఞుడికీ ఒకే మాట చెప్పి ఒకే ఫలితం ఆశించే అధికారులు, ఇద్దరు పిల్లలను ఒకే కొలతతో కొలిచే తల్లిదండ్రులు ఉద్దానం వంటిళ్ల నుంచి నేర్చుకోవలసింది ఇదే. ఎంతో ఇష్టంగా చేసే పనిని సైతం, అది మేలు చేయడం లేదని తెలిసిన రోజున వదిలేయగలగడం పెద్ద గుణం. నలభై ఏళ్ల చేతి అలవాటును వైద్యుడి ఒక్క మాటతో మార్చుకున్న తల్లికి ఆ గుణం పుష్కలంగా ఉంది.

పోయినచోటే మళ్లీ మొదలుపెట్టడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. తెల్లారి చూస్తే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు నేలమట్టం. ఉద్దానం రైతుకు కొబ్బరి చెట్టు నెలనెలా చేతికందే ఆదాయం. కొత్త మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంతకు అయిదేళ్ల ముందు, 2013 నవంబరు 8న, ఫిలిప్పీన్స్‌లో యోలాండా తుపాను మూడు కోట్లకు పైగా కొబ్బరి చెట్లను కూల్చింది, దెబ్బతీసింది. ఆ తల్లులకూ ఈ తల్లులకూ ఎదురైన ప్రశ్న ఒకటే: చెట్టు మళ్లీ కాసేదాకా పొయ్యి ఎలా వెలగాలి?

కరెంటు లేదు, మంచినీళ్లు లేవు, తోట లేదు. ఉద్దానం పల్లెల్లో ఆ రోజుల్లో పడిపోయిన చెట్ల కొమ్మలే వంటచెరకు. పిల్లలకు ఆకలి వేళ మారదు కదా. తోట పోయిందన్న దుఃఖం ఎంత ఉన్నా, పూటకింత వండక తప్పని పనే మనిషిని నిలబెట్టింది. తర్వాత కొందరు మళ్లీ కొబ్బరి మొక్కలు నాటారు, కొందరు కూలికి వెళ్లారు, కొందరు ఊరు దాటారు. ఎవరికి వీలైన దారి వాళ్లు వెతుక్కున్నారు.

అదే 2018 నవంబరులో ఈ తీరానికి మరో దెబ్బ. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ బలగాలు పట్టుకున్నాయి. పదమూడు నెలలకు పైగా అక్కడి జైల్లో గడిపాక వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకు ఈ ఘటనే ఆధారం. ఆ నెలలన్నీ ఇంట్లో ఉన్న ఆడవాళ్లు అర్జీలు పట్టుకుని నాయకులనూ అధికారులనూ కలిశారు. మళ్లీ ఇంటికొచ్చి పిల్లలకు వండిపెట్టారు. ఆ రెండు పనుల్లో ఏదీ ఆపలేదు.

కష్టం వచ్చినప్పుడు ధైర్యంగా ఉండమని చెప్పడం తేలిక. ధైర్యం ఊరికే రాదు. చేయి ఆడించడానికి ఒక పని ఉండాలి, ఆ పని మనకంటే ముందు మరొకరికి అవసరం కావాలి. ఉద్యోగం పోయిన యువకుడు, పరీక్ష తప్పిన విద్యార్థి గదిలో తలుపు వేసుకుని కూర్చోకుండా ఇంట్లో ఒక బాధ్యత తీసుకుంటే, అది సమస్యను తీర్చకపోయినా ఆ రోజును గట్టెక్కిస్తుంది. అలాంటి రోజులు నాలుగు గడిస్తే దారి ఆలోచించే ఓపిక దానంతట అదే వస్తుంది.

ఆఖరి పళ్లెం

ఇంత చెప్పి ఒక నిజాన్ని దాచకూడదు. అందరికీ వడ్డించాక ఆఖర్న తినేది ఆ తల్లే. గిన్నె అడుగున మిగిలిన కూరే ఆమె కూర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నూరుమందిలో దాదాపు అరవై మంది! ఇల్లంతటికీ బలం పంచే మనిషి ఒంట్లో రక్తం లేకపోవడం గొప్ప త్యాగమని పొగడవలసిన సంగతి కాదు. సరిదిద్దవలసిన తప్పు.

2024 కాల వినియోగ సర్వేలో తేలిన లెక్క మరొకటి ఉంది. దేశంలో జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు వెచ్చించింది 88 నిమిషాలు. ఒకరిది దాదాపు అయిదు గంటలు, ఇంకొకరిది గంటన్నర. తల్లిని దేవత అని పిలిచి ఆమె పని ఆమెకే వదిలేసిన ఇంట్లో పిల్లలు పొగడ్త ఒక్కటే నేర్చుకుంటారు. పైన చెప్పుకున్న ముందుచూపు, సహానుభూతి, నిబ్బరం వినడం వల్ల రావు, పొగడడం వల్ల అసలే రావు. చేతులు తడిస్తేనే వస్తాయి.

కాబట్టి ఈ వ్యాసం చదివిన వారికి, ముఖ్యంగా కొడుకులకూ భర్తలకూ, ఒక విన్నపం. వారంలో ఒక పూట వంట పూర్తిగా మీ బాధ్యతగా తీసుకోండి. సరుకు చూసుకోవడం నుంచి గిన్నెలు కడగడం వరకు అంతా మీదే. ఇంట్లో ఎవరికి ఏ పథ్యం ఉందో, ఎవరికి ఏది పడదో అమ్మనడిగి ఒక పుస్తకంలో రాసుకోండి. ఆమె కూర కొలతలు, ఎండబెట్టి దాచే పద్ధతులు కూడా ఆ పుస్తకంలోకే ఎక్కించండి. ఉద్దానంలో ఉంటే ఇంటిల్లిపాదినీ ఏడాదికోసారి కిడ్నీ పరీక్షకు తీసుకెళ్లండి. ఎక్కడున్నా అమ్మకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రేపటి నుంచి ఆమెను కూడా అందరితో పాటే కూర్చోబెట్టి, మొదటి గరిటె ఆమె పళ్లెంలో మీ చేత్తో వడ్డించండి.