ఫుట్‌బాల్ ఆట – నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం



ఈసారి మన గోడ పత్రికలో ఆటల పాఠం రాసే పని తెలుగు మాస్టారు నాకు అప్పగించారు. మొదట నేను ఫుట్‌బాల్ చరిత్ర, కొలతలు, నియమాలు మాత్రమే రాసి తీసుకెళ్ళాను. మాస్టారు చదివి, "బాగానే ఉందిరా. కానీ డిసెంబరులో జరిగింది రాయకపోతే ఇది సగం పాఠమే" అన్నారు. అందుకని రెండూ రాస్తున్నాను. ముందు పాఠం, తర్వాత నా సంగతి. నా సంగతి మీలో చాలామందికి తెలుసు. కానీ నా నోటి నుంచి ఎవరూ వినలేదు.

ఆట పుట్టుక

బంతిని కాలితో తన్నే ఆటలు ఎన్నో దేశాల్లో పూర్వం నుంచీ ఉన్నాయి. మనం ఇప్పుడు ఆడే పద్ధతికి నియమాలు రాసింది మాత్రం ఇంగ్లండులో. 1863 అక్టోబరులో లండను నగరంలో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. అంతకు ముందు అక్కడ ఒక్కో బడికి ఒక్కో రూలు. ఒక బడిలో బంతి చేత్తో పట్టుకోవచ్చు, ఇంకో బడిలో పట్టుకోకూడదు. రెండు బళ్ళ పిల్లలు కలిసి ఆడాలంటే ముందు తగువు, తర్వాత ఆట. మన హాస్టల్లో గోలీలాటకు ఊరికో రూలు ఉన్నట్టే అన్నమాట.

మన దేశానికి ఈ ఆట ఆంగ్లేయుల సైన్యంతో వచ్చింది. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్పు పోటీలు మొదలయ్యాయి. 1911 జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్లవాళ్ళ సైనిక జట్టును 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచింది. మనవాళ్ళు పదకొండు మందిలో పది మంది ఉత్త కాళ్ళతోనే ఆడారు. కాబట్టి బూట్లు లేవని మనం దిగులుపడక్కర్లేదు. (మన గ్రౌండులో రాళ్ళు ఏరేస్తే మాత్రం మంచిదే.)

మనం తెలుసుకోవాల్సిన పెద్దలు

1. డాక్టర్ తాలిమెరెన్ ఆవ్: స్వతంత్రం వచ్చాక మన దేశం మొదటిసారి పాల్గొన్న ఒలింపిక్సు 1948లో లండనులో జరిగాయి. ఆ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ ఈయనే. ప్రారంభోత్సవంలో మన జెండా పట్టుకుని ముందు నడిచింది కూడా ఈయనే. మనలాగే కొండల్లో పుట్టిన గిరిజనుడు, నాగా కొండల్లోని ఆవ్ తెగవారు. ఆ పోటీలో ఫ్రాన్సు చేతిలో మనం 1-2తో ఓడిపోయాం. మనకు రెండు పెనాల్టీలు వచ్చినా రెండూ గోలు కాలేదు. అయినా ఉత్త కాళ్ళతో ఆడిన మన జట్టును జనం మెచ్చుకున్నారు. ఆవ్ గారు కలకత్తాలో డాక్టరు చదువు చదువుతూనే మోహన్ బగాన్‌కు ఆడారు. తర్వాత తిరిగి తమ కొండలకే వెళ్ళి వైద్యం చేశారు. 1998లో చనిపోయారు. ఆట ఆడితే చదువు రాదనేవారికి ఈ పేరు చెప్పండి. (వార్డెన్ సారు మన్నించాలి.)

2. సయ్యద్ అబ్దుల్ రహీం: హైదరాబాదు వారు. బడిలో పంతులుగా పనిచేసినవారు. 1950 నుంచి 1963 దాకా భారత జట్టుకు కోచ్. ఆయన శిక్షణలో మన దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం వచ్చింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే ఆయనకు కాన్సర్. మరుసటి ఏడాది కన్నుమూశారు. 2024లో ఆయన మీద మైదాన్ అనే హిందీ సినిమా కూడా వచ్చింది. ఆయన కుర్రాళ్ళకు రెండు రకాల పోటీలు పెట్టించేవారు. ఒకటి, డ్రిబ్లింగ్ లేకుండా పాస్‌లతోనే ఆడాలి. రెండు, అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఈ మొదటి రకాన్ని గుర్తుపెట్టుకోండి. కింద మళ్ళీ వస్తుంది.

3. తులసీదాస్ బలరాం: సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టారు. 1956 ఒలింపిక్సు జట్టులోనూ, 1962 బంగారు పతకం జట్టులోనూ ఉన్నారు. 2023లో చనిపోయారు.

4. గుగులోత్ సౌమ్య: నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అక్క. భారత మహిళల జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్ళింది. మీ చెల్లెళ్ళకు చెప్పండి.

కొలతలు, నియమాలు

ఫుట్‌బాల్‌కు మొత్తం 17 నియమాలు ఉన్నాయి. జట్టుకు 11 మంది. ఏడుగురికన్నా తగ్గితే ఆట నడవదు. ఒక సగం 45 నిమిషాలు. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు.

ఆఫ్‌సైడ్ చాలామందికి అర్థం కాదు. మనవాడు బంతి తన్నే క్షణంలో నువ్వు అవతలివాళ్ళ సగంలో, బంతికన్నా ముందు, వాళ్ళ చివరినుంచి రెండోవాడికన్నా కూడా గోలుకు దగ్గరగా ఉండి, ఆ బంతి నువ్వు అందుకుంటే ఆఫ్‌సైడ్. త్రో, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా వస్తే మాత్రం తప్పు లేదు.

గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఇంత వింత లెక్క ఎందుకంటే ఇంగ్లండు కొలతలో అది ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. పెనాల్టీ గుర్తు గోలుకు 11 మీటర్ల దూరం. ఇక్కడ ఒక లెక్క చేద్దాం. బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు 25 మీటర్లు. 11ని 25తో భాగిస్తే 0.44. అంటే అర సెకను కూడా లేదు. మనం చప్పట్లు కొట్టేలోపు బంతి లోపలికి పోతుంది. మనలో రెండు చేతులు బారజాపితే రెండు మీటర్లు వచ్చేవాడు ఒక్కడూ లేడు. మిగిలిన ఐదు మీటర్లకు పైగా ఖాళీనే. ఈ లెక్క నేను జనవరిలో చేశాను. డిసెంబరులోనే చేసి ఉండాల్సింది.

ఇక నా సంగతి

డిసెంబరులో జోనల్ పోటీలకు వెళ్ళాం. నేను కెప్టెన్‌ని. గోల్లో ఏడో తరగతి తమ్ముడు ఉన్నాడు. చిన్నవాడే గానీ కోతిలా దూకుతాడని పి.ఇ.టి. సారు ఎంపిక చేశారు. సెమీఫైనల్లో 1-1 మీద ఉన్నాం. ఇంకా రెండు మూడు నిమిషాలే ఉంది. నా కాలి దగ్గర బంతి ఉంది. కుడివైపు మనవాడు ఖాళీగా ఉండి "అన్నా, ఇటు! ఇటు!" అని అరుస్తున్నాడు. నేను ఇవ్వలేదు. ఒకణ్ణి దాటాను, ఇంకొకణ్ణి దాటాను. మూడోవాడు బంతి లాక్కున్నాడు. నేను అక్కడే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. వెనక్కి పరిగెత్తలేదు. వాళ్ళు మూడు పాస్‌లతో మన గోలు దగ్గరికి వచ్చేశారు. మన బ్యాక్ ఒకడు జారి పడ్డాడు. చివరికి తన్నిన బంతి తమ్ముడి కాళ్ళ సందులోంచి లోపలికి పోయింది.

ఆట అయ్యాక అందరి ముందూ నేను వాడితో, "నీలాంటోణ్ణి గోల్లో పెట్టినందుకు మాకు బుద్ధి లేదు. రేపట్నుంచి బంతి ముట్టుకోకు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంట్లో వాళ్ళది కోయ భాష. తెలుగులో గబగబా జవాబు చెప్పడం వాడికి ఇంకా రాదు.

సోమవారం ప్రేయర్ లైనులో వాడు లేడు. పెట్టె ఉంది, దుప్పటి లేదు.

ఆ రాత్రి స్టడీ అవర్లో వార్డెన్ సారు నన్ను పిలిచి తిడతారనుకున్నాను. తిట్టలేదు. హాజరు పుస్తకం తెరిచి, గతంలో మధ్యలో ఇంటికి వెళ్ళిపోయి తిరిగి రాని పిల్లల పేర్లు చూపించారు. "ఒక్కొక్కడూ ఒక్కో చిన్న మాటకే వెళ్ళాడురా" అన్నారు. అంతే. నాకు అన్నం దిగలేదు.

ఆదివారం పి.ఇ.టి. సారు వాళ్ళ ఊరికి బయలుదేరితే నేనూ వెళ్ళాను. బస్సు దిగాక ఏడు కిలోమీటర్లు నడక, మధ్యలో ఒక వాగు. ఊరి బయట చింతచెట్ల కింద పిల్లలు ఆడుతున్నారు. పాత గుడ్డలు చుట్టి నారతో బిగించిన బంతి. రెండు మొద్దులు గోలు. తమ్ముడు గోల్లో ఉన్నాడు. ఒక చిన్న పాప తన్నిన బంతికి కావాలనే పక్కకు దూకి, గోలు కానిచ్చి, మట్టిలో పడి నవ్వుతున్నాడు. ఆ పాప గెంతుతోంది. మేకలు వాళ్ళ మధ్యలోంచే పోతున్నాయి. నేను ఒక పిల్లాణ్ణి "స్కోరెంత?" అని అడిగాను. వాడు నన్ను వింతగా చూసి "ఎవరికి?" అన్నాడు.

మన గ్రౌండులో ఆ తమ్ముడు నవ్వగా నేను ఒక్కసారీ చూడలేదు. నాకు కూడా చివరిసారి ఆడుతూ ఎప్పుడు నవ్వానో గుర్తు రాలేదు.

వాడు నన్ను చూసి ఆట ఆపేశాడు. దారి పొడవునా ఏం చెప్పాలో నేను అనుకుంటూ వెళ్ళాను. అక్కడ ఒక్కటే నోట వచ్చింది. "తప్పు నాది. బంతి నా కాలి దగ్గర పోయింది" అన్నాను. వాడు నేల చూస్తూ, "లేదన్నా, నేను కాళ్ళు దగ్గర పెట్టాల్సింది" అన్నాడు. నేను తిట్టిన తిట్టును వాడు వారం రోజులు నిజమని మోశాడు.

వాళ్ళమ్మ మాకు జావ ఇచ్చింది. వాళ్ళ నాన్న సారుతో, "ఆటకని పంపలేదు సారూ, చదువుకని పంపినం. ఆట మూలంగా చదువు పోతే ఎట్లా?" అన్నాడు. సారు దగ్గర జవాబు లేదు. నా దగ్గర అసలే లేదు. ఆ రోజు వాడు మాతో రాలేదు.

తిరిగి వచ్చాక సారు నన్ను గోల్లో నిలబెట్టారు. "నెల రోజులు నువ్వే కీపర్‌వి" అన్నారు. మిగతావాళ్ళతో రహీం గారి పద్ధతి ఆడించారు. డ్రిబ్లింగ్ లేదు, బంతి వచ్చిందంటే వెంటనే పాస్. బయటి నుంచి చూస్తే తెలిసింది. బంతి పదిమంది మధ్య తిరుగుతుంటే అందరి మొహాలూ వెలుగుతున్నాయి. ఒక్కడి దగ్గరే ఉంటే తొమ్మిది మంది ఊరికే నిలబడుతున్నారు. ఇన్నాళ్ళూ నా ఒక్కడి సంతోషాన్ని నేను జట్టు ఆట అనుకున్నాను.

ఇంకోటి కూడా తెలిసింది. మన వెదురు గోలుకు వల లేదు కదా. గోలు పోతే బంతి వెనక ముళ్ళ పొదల్లోకి పోతుంది. అందరూ వీపు తిప్పుకుని మధ్యకు వెళ్ళిపోతారు. కీపర్ ఒక్కడే పొదలోకి వెళ్ళి ముళ్ళు గీరుకుంటూ బంతి తెచ్చుకోవాలి. మొదటి రోజు నేను అలా నాలుగు సార్లు వెళ్ళాను. పోయిన గోలుకన్నా ఆ ఒంటరి నడకే ఎక్కువ బాధ. బంతి పదిమందిని దాటాకే కీపర్ దగ్గరికి వస్తుంది. తప్పు మాత్రం వాడొక్కడి పేరున రాస్తాం.

సంక్రాంతి సెలవులు అయ్యాక, బడి తెరిచిన మూడో రోజు, గేటు దగ్గర వాళ్ళ నాన్న, వెనక దుప్పటి చుట్టుకుని తమ్ముడు. నేను వెళ్ళి దుప్పటి అందుకున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చాలా రోజులు వాడు గ్రౌండుకు రాలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వచ్చి గోలు పక్కన నిలబడి, "అన్నా, కాసేపు నేను ఉండనా?" అని అడిగాడు.

ఇప్పుడు మన జట్టుకు ప్రపంచంలో ఎక్కడా లేని 18వ నియమం ఒకటుంది. గోలు పోతే బంతి తేవడానికి కీపర్ ఒక్కడే వెళ్ళకూడదు. దగ్గర ఉన్న ఇద్దరు తోడు వెళ్ళాలి, కెప్టెన్ తప్పకుండా వెళ్ళాలి. పొద దగ్గర తిట్టుకోకూడదు. ఈ నియమం వచ్చాక మనం గెలుపులు ఎక్కువ గెలవలేదు. కానీ ఆట అయ్యాక చేతిపంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నవ్వుకోవడం ఎక్కువైంది. అది మీరే చూస్తున్నారు.

చివరగా వార్డెన్ సారుకు ఒక మనవి. ఆరో తరగతి తమ్ముళ్ళకు ఆదివారం ఉదయం ఒక గంట బంతి ఇప్పించండి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇల్లు ఎక్కువ గుర్తొచ్చేది ఆదివారమే. పంక్చరు పడితే సైకిల్ షాపుకు నేనే తీసుకెళ్ళి అతికిస్తాను.

ప్రశ్నలు (జవాబులు పైనే ఉన్నాయి, వెతకండి)
1. 1948 ఒలింపిక్సులో మన ఫుట్‌బాల్ కెప్టెన్ ఎవరు? ఆయన ఏ తెగవారు?
2. గోలు వెడల్పు ఎన్ని గజాలు?
3. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తే 11 మీటర్లు రావడానికి ఎంత సేపు? (ఇది మీరే చెయ్యాలి.)
4. మన 18వ నియమం ఏమిటి? దీనికి జవాబు కాగితం మీద వద్దు, గ్రౌండులో చూపించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి, ఫుట్‌బాల్ కెప్టెన్
(తప్పులుంటే పెన్సిలుతో దిద్దండి, చించవద్దు.)