తేలిక కాంక్రీటుకు పటుత్వం ఎలా వస్తుంది?

ఒక చేతిలోకి మరమరాల ఉండను, రెండో చేతిలోకి వేరుశెనగ ఉండను తీసుకోండి. పరిమాణం ఒకటే, రెంటినీ పట్టి ఉంచింది బెల్లం పాకమే. అయినా మరమరాల ఉండ ఎంతో తేలిక. గింజల్లో గాలి ఉండటమే దానికి కారణం. కాంక్రీటు కూడా ఇలాంటి ఉండే! కంకర, ఇసుక గింజలు. సిమెంటు, నీరు కలిసిన ముద్ద పాకం. కంకరకు బదులు గాలి గదులున్న గుల్ల రాయి వాడితే తేలిక కాంక్రీటు అవుతుంది.

ఇంటికి తేలికదనం ఎందుకు? లెక్క వేద్దాం. మామూలు కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2400 కిలోలు తూగుతుంది. తేలిక కాంక్రీటు 1800 కిలోలు అనుకుందాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గదికి 10 సెంటీమీటర్ల మందాన స్లాబు వేస్తే మొదటిది 2880 కిలోలు, రెండోది 2160 కిలోలు. గోడల మీద 720 కిలోల భారం తగ్గిందన్నమాట. బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో హెచ్చవేయగా వచ్చేదని చదువుకున్నారు కదా! భూకంపంలో నేల ఊగినప్పుడు బరువైన కప్పు మీదే ఎక్కువ బలం పనిచేస్తుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో మట్టి పరచిన బరువైన కప్పులు, మందపాటి రాతి గోడలు నిద్రిస్తున్న వారి మీద కూలి వేలమంది చనిపోయారు. అక్కడ గోడల కట్టుబడి కూడా బలహీనమే. కాని కప్పు బరువు ఆ నష్టాన్ని పెంచింది.

రోములో సుమారు 1900 ఏళ్ళ నాటి పాంథియాన్ గోపురం ఉంది. 43 మీటర్ల వ్యాసం గల ఆ గోపురంలో శిఖరం దగ్గర ప్యూమిస్ అనే అగ్నిపర్వతపు రాయి వాడారు. అది నీటి మీద తేలే రాయి. అయితే ఇది అన్నిచోట్లా దొరకదు. అమెరికాలో ఇటుకలు చేసే స్టీఫెన్ హేడ్, బట్టీలో ఉబ్బి పనికిరాకుండా పోయిన ఇటుకలను చూసి, బంకమట్టిని కావాలనే అలా పొంగించే పద్ధతి కనిపెట్టి 1918లో పేటెంటు పొందాడు. అవి మట్టి మరమరాలే అనుకోండి!

చిక్కు ఇక్కడే ఉంది. మామూలు కాంక్రీటులో పగులు సాధారణంగా గట్టి కంకరను చీల్చలేక చుట్టూ తిరిగి పోతుంది. గుల్ల రాయిలోనుంచి తిన్నగా దూసుకుపోతుంది. అందుకే తేలిక కాంక్రీటు పెళుసు. హెచ్చరిక లేకుండా పుటుక్కున విరుగుతుంది.

మొదట పాకాన్ని గట్టిచేయాలి. అవసరానికి మించి పోసిన నీరు ఆరిపోయాక సన్నని రంధ్రాలు మిగులుతాయి. కాబట్టి నీరు తగ్గించాలి. బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే మెత్తని బూడిద కొంత కలిపితే అది నెమ్మదిగా రంధ్రాలను పూడుస్తుంది. గుల్ల రాళ్ళను ముందే నానబెట్టాలి. లేకపోతే పాకంలోని నీటిని తాగేస్తాయి. నానినవైతే ఆ నీటిని కొద్దికొద్దిగా వదిలి కాంక్రీటును లోపలినుంచే తడుపుతాయి.

కాని ఇంత చేసినా పెళుసుదనం పోదు. దానికి మందు పీచు. మట్టిగోడ పెట్టేటప్పుడు మన పల్లెల్లో వరిగడ్డి కలిపి తొక్కుతారే, అదే సూత్రం! పగులు పుట్టకుండా పీచు ఆపలేదు. పుట్టిన పగులును రెండు వైపులా పట్టుకుని తెరుచుకోనివ్వదు. నొక్కుడును తట్టుకునే శక్తి దీనివల్ల పెద్దగా పెరగదు. వంగినప్పుడు ఒక్కసారిగా విరగకుండా నిలవడమే అసలు లాభం. ఉక్కు పీచు సులువుగా ఊడి రాకుండా కొసలు వంచుతారు. ఘనపరిమాణంలో నూటికి 1 వంతు కలిపినా ఘనపు మీటరుకు 78 కిలోలు పెరుగుతాయి. ప్లాస్టిక్ పీచు అయితే 9 కిలోలే. మరీ ఎక్కువైతే పీచు ఉండలు కట్టి కాంక్రీటు గుల్లబారుతుంది. మామూలు గాజు పీచును సిమెంటులోని క్షారం తినేస్తుంది. ఇంగ్లండులో పనిచేసిన మజుందార్ అనే శాస్త్రవేత్త జిర్కోనియా కలిపిన గాజుతో ఆ బెడదను చాలావరకు తగ్గించాడు. పీచు ఉంది కదా అని స్లాబులో ఇనుప చువ్వలు మానేయరాదు సుమా!

ఇప్పుడు ప్రయోగం. బంకమట్టితో ఒకే కొలతలో రెండు పట్టీలు చేయండి. ఒకదానిలో వేలెడు పొడవున కత్తిరించిన కొబ్బరి పీచు కలపండి. నీడలో వారం ఆరనిచ్చి, రెండు ఇటుకల మీద వంతెనలా పెట్టి, మధ్యలో డబ్బా వేలాడదీసి కొద్దికొద్దిగా ఇసుక పోయండి. పీచు పట్టీ పగిలిన చోట దగ్గరగా చూడండి. పీచు తెగిందా, ఊడి వచ్చిందా? నోటు పుస్తకంలో రాసుకోండి.